బంధితుడైన ప్రొమీథియస్: ఒక చిత్రమును చూచు తీరు

(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరపు చిత్రశాలలో ఒక పెద్ద తైలవర్ణ చిత్రము కలదు. దాని ఎత్తు ఇంచుమించు ఎనిమిది అడుగులు. వెడల్పు ఏడడుగులకు కొంచెము తక్కువ. అందు బలిష్ఠుడైన ఒక పురుషుడు కొండరాతిపై వెల్లకిలగా, తల క్రిందికిని కాళ్లు పైకిని ఉండునట్లు, సంకెలతో బంధింపబడి పడియున్నాడు. అతని దేహముపై ఒక గ్రద్ద రెక్కలు విప్పి నిలిచి, కడుపు చీల్చి, కాలేయమును ముక్కుతో పెరుకుచున్నది. దాని కాలిగోళ్లు అతని ముఖమును అదిమి పట్టియున్నవి. మొదటిసారి చూచినవారు ముఖము త్రిప్పుకొందురు. త్రిప్పుకొన్నవారే మరల తిరిగి చూతురు. ఆ రెండవ చూపును గురించియే ఈ ఉపన్యాసము.

ఈ చిత్రమును వ్రాసినవాడు పీటర్ పాల్ రూబెన్స్. 1577లో జన్మించి 1640లో మరణించిన ఈయన ఆంట్వెర్ప్ నగరవాసి. ఆ నగరము నేడు బెల్జియము దేశములో నున్నది. 1600లో ఇటలీకి పోయి, ఎనిమిది సంవత్సరములు అచ్చటి ప్రాచీన శిల్పములను, పూర్వుల చిత్రములను కన్నులార చూచి, వానిని చూచి గీచి, 1608లో స్వస్థలము చేరెను. చిత్రకారుడే కాక రాజుల మధ్య సంధిమాటలు నడపిన రాయబారి కూడను. 1611 ప్రాంతమున ఆరంభించిన ఈ చిత్రము 1618 నాటికి పూర్తియైనది. ఫిలడెల్ఫియా చిత్రశాల దీనిని 1950లో సంపాదించినది.

రూబెన్స్ కాలపు యూరపు చిత్రకళకు తరువాతి వారు బరోక్ అని పేరు పెట్టిరి. పేరు వింతగా తోచినను విషయము కష్టమైనది కాదు. అంతకు ముందు తరముల వారు సమముగా తూచినట్లు, నిశ్చలముగా నిలిపిన మూర్తులను బరోక్ చిత్రకారులు కదలించిరి. పని ముగిసిన తరువాతి శాంతిని గాక, పని జరుగుచున్న క్షణమును పట్టుకొనిరి. నిలువు గీతకు బదులు ఏటవాలు గీతను ఆశ్రయించిరి. చీకటిని, వెలుగును ఎదురెదురుగా నిలిపిరి. నాటకము లాడించిన వారికి ఇది కొత్త సంగతి కాదు. తెర ఏ ఘడియలో లేవవలెను, దీపపు వెలుగు ఎవరి ముఖమున పడవలెను అను విచారమే ఇదియు.

ఇక కథ. ప్రొమీథియస్ గ్రీకుల పురాణములలో టైటనులను పూర్వదేవతల వంశమునకు చెందినవాడు. సుమారు రెండువేల ఏడువందల సంవత్సరములకు పూర్వపు హెసియడ్ అను కవి అతని కథను చెప్పెను. దేవతలకును మనుష్యులకును బలిమాంసము పంచు సమయమున ప్రొమీథియస్ ఎముకలను క్రొవ్వుతో కప్పి దేవరాజైన జ్యూస్ ముందర పెట్టి, మంచి మాంసమును మనుష్యుల పాలు చేసెను. జ్యూస్ కోపించి మనుష్యులకు నిప్పు లేకుండ చేసెను. ప్రొమీథియస్ సోపుజాతి మొక్క యొక్క బోలుకాడలో నిప్పును దాచి, దొంగిలించి తెచ్చి యిచ్చెను. అందులకు శిక్షగా అతనిని బంధించి, ఒక గ్రద్దను ఉసికొల్పిరి. పగలెల్ల ఆ గ్రద్ద తిన్న కాలేయము రాత్రి మరల పెరుగును. మరునాడు మరల తినును. చాలకాలమునకు హెరాక్లీస్ అను వీరుడు వచ్చి గ్రద్దను చంపెను.

హెసియడ్ చెప్పిన ప్రొమీథియస్ టక్కరి. తరువాత ఎస్కిలస్ పేర వెలసిన నాటకములో ఆ ప్రొమీథియసే మహోపకారి. మనుష్యులకు ఇల్లు కట్టుట, ఎద్దులకు కాడి కట్టుట, అంకెలు, అక్షరములు, మందులు, ఓడలు అన్నియు తానే నేర్పితినని అతడు చెప్పును. కథ ఒక్కటే. చెప్పినవాని మనస్సును బట్టి అతడు దొంగయు నగును, దాతయు నగును. కవికి మాటలున్నవి కనుక అతడు తన పక్షమును విప్పి చెప్పగలడు. చిత్రకారునికి మాట లేదు. రాతిపై పడియున్న దేహమును మాత్రమే చూపి, వీడు దొంగయో దాతయో ఎట్లు చెప్పును?

ఈ ప్రశ్న ఊహకు పుట్టినది కాదు. రూబెన్స్ ఎదుట నిజముగా నిలిచినదే. ఏలననగా ఈ భంగిమను ఆయన క్రొత్తగా కల్పింపలేదు. మైకెలాంజిలో 1532లో తన మిత్రునికి కానుకగా గీచిన ఒక సుద్దబొమ్మలో ఇట్లే ఒక పురుషుడు రాతిపై పడియుండగా పక్షి వానిపై వ్రాలియున్నది. టిషియన్ అను వెనీసు నగరపు చిత్రకారుడు 1548, 1549 సంవత్సరములలో హంగరీ రాణియైన మేరీ కొరకు వ్రాసిన పెద్ద చిత్రములో దేహము తలక్రిందుగా వ్రేలాడుచున్నది. ఆ చిత్రము నేడు మాడ్రిడ్ నగరమున ప్రాడో చిత్రశాలలో నున్నది. రూబెన్స్ 1603లో స్పెయిన్ దేశమునకు పోయి అచ్చటి రాజుగారి చిత్రములను చూచినవాడు.

అయితే ఆ రెండు చిత్రములలోని పురుషుడు ప్రొమీథియస్ కాడు. టిట్యస్ అను రాక్షసుడు. అపోలో, ఆర్టెమిస్ అను దేవతల తల్లియైన లేటోను చెరబట్టబోయినవాడు. ఆ పాపమునకు పాతాళమున వానిని పడవైచి, కాలేయమును పక్షులచే తినిపించిరి. అతడును బంధితుడే, ఇతడును బంధితుడే. అచ్చటను కాలేయమే, ఇచ్చటను కాలేయమే. స్త్రీని చెరబట్టబోయిన వానికిని, మనుష్యులకు నిప్పు తెచ్చి యిచ్చిన వానికిని శిక్ష దాదాపు ఒక్కటే. దేహముల యందు తేడా లేకపోవుటచే టిషియన్ వ్రాసిన టిట్యస్‌ను ప్రొమీథియస్ అనియే పిలిచిన వారును కలరు.

బాధపడు వానిని చూచినప్పుడు ఏ జన్మలో ఏ పాపము చేసెనో అనుట పల్లెలలో అలవాటు. రోగముతో మంచము పట్టినవానిని, పంట మునిగినవానిని, కోర్టులో ఓడినవానిని గూర్చి ఆ మాట ఎంత సులభముగా నోటికి వచ్చునో అందరును ఎరుగుదురు. బాధ కనబడినది గనుక తప్పు ఉండియే యుండునని దాని అర్థము. రూబెన్స్ ఒక పాపి దేహమును తెచ్చి ఉపకారికి తొడిగెను. బాధను మాత్రమే చూచి తీర్పు చెప్పువానికి ఈ చిత్రము చిక్కు పెట్టును.

మరి తేడా ఎచ్చట నున్నది? మూడుచోట్ల వెదుకవచ్చును.

మొదటిది కన్ను. గ్రద్ద గోరు ఒక కంటికి మిక్కిలి సమీపమున గ్రుచ్చుకొనుచున్నది. ప్రొమీథియస్ కన్నులు మూసికొనలేదు, ఆకాశమును చూడలేదు, తెరచిన కన్ను గ్రద్దనే చూచుచున్నది. నొప్పి భరింపలేనివాడు సాధారణముగా కన్ను గట్టిగా మూయును. ఇతడు తనను తినుచున్నదానిని ఎరిగియే చూచుచున్నాడు. ప్రొమీథియస్ అను పేరునకు ముందుచూపు గలవాడని గ్రీకులు అర్థము చెప్పుకొనిరి. తనకు పట్టబోవు గతి ముందే తెలిసియు నిప్పు తెచ్చినవానికి ఇట్టి చూపే తగును.

రెండవది పిడికిలి. సంకెల తగిలించిన చేయి చూచువారి వైపునకు చాచబడియున్నది, వ్రేళ్లు బిగిసియున్నవి. చిత్రమున గాయము ఎంతో శ్రద్ధతో వ్రాయబడినదన్నది నిజమే. మాంసమును, రక్తమును వ్రాయుటలో రూబెన్స్ కున్న ఆసక్తి ఒక్కొక్కచోట మితిమీరినట్లును తోచును. కాని గాయము కంటె పిడికిలి గొప్పది. గాయము గ్రద్ద చేసినది. పిడికిలి అతడు చేసినది. దేహమంతయు పరాధీనమైన వేళ అతని వశమున మిగిలినది ఆ కొంచెమే.

మూడవది కాగడా. చిత్రపు క్రిందిభాగమున ఒక మూల అది నేలపై పడియున్నది, మండుచున్నది. కథ తెలియనివాడు దానిని గమనింపక పోవచ్చును. ఎనిమిదడుగుల చిత్రములో అది ఏపాటి? కాని టిట్యస్‌కు కాగడా లేదు. దేహమును పాపి దగ్గరనుండి తెచ్చిన రూబెన్స్, ఆ దేహము ఎవరిదో తెలియుటకు ఈ నిప్పును మూలన పెట్టెను.

ఇట్టి సభలలో కాగడా అనగానే జ్ఞానజ్యోతి యని పలికి చప్పట్ల నడుమ కూర్చుండుట సులభము. గ్రంథాలయపు పండుగనాడు ఆ మాట రాకుండుటయే వింత. కాని రూబెన్స్ వ్రాసిన కాగడా ఎవరును చేతబట్టి ఎత్తినది కాదు. తెచ్చినవాని చేతినుండి జారి నేల పాలైనది. దానిని అందుకొన్నవారు, దానితో పొయ్యి వెలిగించుకొన్నవారు, ఇనుము కాచుకొన్నవారు ఈ చిత్రములో ఒక్కరును లేరు. ఏమైరి వారు? బరోక్ చిత్రకారుని నేర్పు ఇచ్చట తెలియును. ప్రొమీథియస్ దేహము పైనుండి క్రిందికి ఏటవాలుగా జారుచున్నట్లు వ్రాయబడినది; తలయు, సంకెల వేసిన చేయియు ముందుకు వచ్చియున్నవి. చిత్రము ఎదుట నిలిచినవానికి ఆ దేహము తన పాదముల వద్ద పడబోవునట్లు తోచును. నిప్పును పొందినవారు నిలువవలసిన చోట చూచువాడు నిలిచియున్నాడు. చిత్రములో లేని మనుష్యులు చిత్రము ఎదుట నున్నారు.

లేనివాడు ఇంకొకడు కలడు. శిక్ష విధించిన జ్యూస్ ఈ చిత్రమున ఎచ్చటను కానరాడు. గ్రద్ద అతని పక్షి. ఆజ్ఞాపించినవాడు మాత్రము కనబడడు. శిస్తు బాకీకి పశువులను జప్తు చేయవచ్చిన బంట్రోతుతో తగవులాడు రైతునకు ఉత్తరువు వ్రాసినవాని ముఖము తెలియదు గదా. గ్రద్ద ముఖమున కసి లేదు, జాలియు లేదు. తన పని తాను చేయుచున్నది. అందుచేతనే అది మరింత భయంకరముగా నున్నది.

ఆ గ్రద్ద రూబెన్స్ వ్రాసినది కాదన్న సంగతి చాలమందికి ఆశ్చర్యము కలిగించును. దానిని వ్రాసినవాడు ఫ్రాన్స్ స్నైడర్స్ (1579–1657). మృగములను, పక్షులను, పండ్లను వ్రాయుటలో ఆంట్వెర్ప్ నగరమున పేరుగన్నవాడు. ఈ చిత్రమునకై అతడు కలముతో గీచిన చిత్తు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నది. ఒక చిత్రమున ఇద్దరు చేయి చేసికొనుట ఆ కాలమున తక్కువగా ఎంచబడలేదు. రథము చేయుటలో వడ్రంగి చేయు పని కమ్మరి చేయడు. చక్రమునకు పట్టా వేయువాడు వేరు. రూబెన్స్ దీనిని దాచిపెట్టలేదు కూడ. 1618 ఏప్రిల్ 28వ తేదీన హేగ్ నగరమందలి ఇంగ్లీషు రాయబారి సర్ డడ్లీ కార్లెటన్‌కు పంపిన పట్టికలో ఈ చిత్రమును పేర్కొని, మనుష్యుడు తన చేతివ్రాత యనియు గ్రద్ద స్నైడర్స్‌ది యనియు స్పష్టముగా వ్రాసెను. వెల 500 ఫ్లోరిన్లుగా కట్టెను. కార్లెటన్ వద్దనున్న ప్రాచీన పాలరాతి శిల్పములను తన చిత్రములకు మారుగా పొందవలెనని రూబెన్స్ కోరిక. ఆ బేరము కుదిరినది. రెండు చేతుల పనియైనందున చిత్రమునకు లాభమే కలిగెను. మెత్తని మనుష్య చర్మము ఒకని చేతిది, ముతకయై గరుసైన ఈకలు మరియొకని చేతివి. రెండును ఒకదానికొకటి లొంగవు. విప్పిన రెక్కలు చిత్రపు వెడల్పునంతటిని ఆక్రమించి, క్రిందివానికి ఆకాశమే లేకుండ చేయుచున్నవి.

తినినకొలది పెరుగు కాలేయమను మాట వట్టి కల్పనగా కనబడును. కాని శరీరాంగములలో కాలేయమునకు నిజముగానే తిరిగి పెరుగు శక్తి కలదు. ఎలుక కాలేయములో మూడింట రెండు పాళ్లు తీసివేసినను కొలది దినములలో మిగిలినది పెరిగి పూర్వపు బరువునకు వచ్చునని 1931లో శాస్త్రజ్ఞులు చూపిరి. నేడు వైద్యులు బ్రదికియున్నవాని కాలేయములో కొంత భాగము తీసి రోగికి అమర్చుచున్నారు. ఇచ్చినవానిలోను, పుచ్చుకొన్నవానిలోను అది పెరుగును. ప్రొమీథియస్‌కు దండనగా చెప్పబడిన గుణమే ఈనాడు ప్రాణదానమునకు సాధనమైనది.

ఇచ్చట శిబి చక్రవర్తి అందరికిని జ్ఞప్తికి వచ్చియే యుండును. శరణుజొచ్చిన పావురమునకై డేగకు తన తొడమాంసము కోసి యిచ్చిన రాజు అతడు. నాగార్జునకొండలో లభించిన శిల్పములలో ఆ జాతకకథను మలచిన ఫలకము కలదు. అచ్చట పక్షి, ఇచ్చట పక్షి. అచ్చట పరులకై కోసిన మాంసము, ఇచ్చట పరులకై పోయిన మాంసము. అయినను పోలిక ఒక హద్దు వరకే సాగును. శిబి తన చేతితో తానే ఇచ్చెను. కథ చివర దేవతలు తమ నిజరూపమును చూపి, అతని దేహమును పూర్వమువలె చేసిరి. మన కథలో దేహము మరల పూర్ణమగుట వరము. గ్రీకుల కథలో అదియే శాపము, రేపటి గ్రద్దకు నేడు పెరుగుచున్నది గనుక. నిప్పును తెచ్చినవాని కథయు మనకు కలదు. మాతరిశ్వుడు దూరమునుండి అగ్నిని భృగువులకు తెచ్చెనని ఋగ్వేదము చెప్పును. ఆ మాతరిశ్వునికి శిక్ష లేదు. అగ్ని అతిథివలె ఇంటికి వచ్చెను గాని దొంగసొత్తుగా రాలేదు. ఈ తేడా వలన రూబెన్స్ చిత్రమున మనకు పరాయిగా తోచునది ఏదో తెలియును. పక్షియు కాదు, నెత్తురును కాదు. దేవతలకు ఇష్టము లేకుండనే మనుష్యుడు నిప్పును పొందెనను తలపే అది.

ఆ తలపు యూరపు వారికిని తేలికగా మ్రింగుడు పడలేదు. రూబెన్స్ కాలమున అందరును చదువుచుండిన ఆల్చాతి యొక్క నీతిచిత్రముల గ్రంథములో, పైలోకపు సంగతులు మనుష్యునికేల యను హెచ్చరికకు ఉదాహరణముగా ప్రొమీథియస్ బొమ్మయే వేయబడినది. ఎక్కువ తెలిసికొనగోరిన వానికి చింతయే గ్రద్దయని దాని భావము. పరులకై బాధపడిన క్రీస్తు ఛాయను అతనిలో చూచినవారును కలరు. రూబెన్స్ ఏ పక్షము? కొందరు పండితులు ఇటును, కొందరు అటును లాగుదురు. చిత్రము మాత్రము హెచ్చరిక బొమ్మవలె లేదు. హెచ్చరిక చేయదలచినవాడు తప్పు చేసినవానిని నీచునిగా నైనను, నవ్వులపాలు గానైనను వ్రాయును. ఇంతటి దేహమును, ఇంతటి చూపును వానికి ఈయడు.

తరువాతివారి చిత్రములతో పోల్చినచో ఇది మరింత స్పష్టమగును. డిర్క్ వాన్ బాబురెన్ అను డచ్చి చిత్రకారుడు 1623లో వ్రాసిన చిత్రమున ప్రొమీథియస్‌ను కమ్మరి దేవతయైన వల్కన్ సంకెలలు వేసి బంధించుచున్నాడు. దేవదూత మెర్క్యురీ ప్రక్కన నిలిచి చూచుచున్నాడు. ఆంట్వెర్ప్ వాడే యైన యాకబ్ యోర్డాన్స్ 1640 ప్రాంతమున వ్రాసిన చిత్రము జర్మనీలోని కొలోన్ నగరమున నున్నది. అతడు మెర్క్యురీని, మోసపు బలి ఎముకలను, ప్రొమీథియస్ చేసిన మట్టిబొమ్మను కూడ చేర్చి కథనంతయు చెప్పబూనెను. వివరములు పెరిగినకొలది చూచువానికి చదువుకొనుటకు పని పెరిగెను, గుండెలో పోటు తగ్గెను. రూబెన్స్ ఒక మనుష్యుని, ఒక పక్షిని, ఒక నిప్పును ఉంచి తక్కినవానిని బయటకు నెట్టెను. విడిపింప వచ్చు హెరాక్లీస్‌ను కూడ రానీయలేదు.

రంగులతో అచ్చువేసిన చిత్రకళా గ్రంథములలో ఈ చిత్రము దొరకును. చేతిలో పట్టునంత బొమ్మగా చూచునప్పుడు ఎనిమిదడుగుల భయము కొంత తగ్గుట సహజము. అందుచే తీరికగా చూడవచ్చును. దొరకినవారు మొదట కాగడా ఉన్న మూలను అరచేతితో మూసి, తక్కిన చిత్రమును కొంతసేపు చూచెదరు గాక. ఎవడో బలవంతుడు, ఏదో ఘోరమైన తప్పు చేసి దొరకిపోయినాడని తోచును. టిట్యస్ అన్నను నమ్మవచ్చును. తరువాత చేయి తీసి, అదే ముఖమును, అదే పిడికిలిని మరల చూడవలెను.